ఏడు బేసి

పొందూరు ఆసుపత్రిలో మందుల కిటికీ చిన్నది.
ముఖం కంటే ముందు చెయ్యి కనిపిస్తుంది నాకు.
చూసి చెప్పేస్తాను,
ఇది కల్లు గీసేది, ఇది చెరకు నరికేది,
ఇది నూలు వడికేది.

దాలమ్మ చెయ్యి వచ్చింది.
చూపుడువేలి మీద పోగు కోసిన నున్నటి గీత,
గుప్పిట్లో తొమ్మిది గుంటలు ఖాళీ అయిన మాత్రల అట్ట.
"ఓలమ్మీ, ఇదేటి మందు?
రాట్నం కాడ కూకుంటే సెయ్యి లెగడం నేదు.
పోగు తెగితే అతకాలనీ నేదు."

మూడు వారాలు ఓపిక పట్టమనాలి.
అంతే చెప్పి పంపేయొచ్చు, వెనక పదిహేడు మంది ఉన్నారు.
కానీ ఎచ్చెర్లలో రెండేళ్లు ఈ సంగతే చదివి
ఇక్కడ జ్వరం బిళ్లలు లెక్కపెడుతున్నదాన్ని.
ఇన్నాళ్లకి ఒకరు అడిగారు.

మందుల కవరు తిరగేసి గీశాను.
ఇది మెదడులో ఒక కణం, ఇది దాని గోడ, ఇది గ్రాహకం...
కాదు, ఆగత్తా.
ఇది గుడ్డ అనుకో.
ఒకే పోగు అందులోకి దిగి, తేలి, మళ్లీ దిగి
ఏడుసార్లు దూరింది.
బయటినుంచి సెరొటోనిన్ వచ్చి ఆ మెలికల్లో కూచుంటే
పోగంతా ఒక్కసారి బిగుస్తుంది.

"ఏడంటే బేసి గదేటి," అంది.
"ఒక కొస ఇవతలుంటే రెండోది అవతలే తేల్తాది."

నాకది బుర్రకెక్కడానికి ఒక సెమిస్టరు పట్టింది.

అవును, ఆ అవతలి కొస దగ్గరే ఉంది కథంతా.
అక్కడొకడు కాచుకునుంటాడు,
పోగు బిగియగానే కబురందుకుని లోపలికి పరుగు.
ఇంకొకడు వచ్చి ఆ కొసకి చిన్నచిన్న గుర్తులు కడతాడు,
ఇక చాలు అని.
గుర్తు చూసి వచ్చేవాడు అరెస్టిన్.
పేరు పోలీసుది, పనీ అదే.
నోరు మూయించి, మడిచి, లోపలికి లాక్కుపోతాడు.
కొన్నిటిని తిరిగి పంపుతాడు. కొన్ని ఇక రావు.
ఇంకో పిసరంతది ఉంది, పీ పదకొండు,
రేషను టోకెను లాంటి పేరు.
లోపల పడున్న గ్రాహకాల్ని గుమ్మం దాకా మోసుకొస్తుంది.
దిగులు పడ్డ మెదళ్లలో అది తక్కువైందని చదివాను.

మాత్ర తన పని మొదటిరోజే చేసింది, అత్తా.
కానీ సెరొటోనిన్ పంపే కణం మీదే కొన్ని గ్రాహకాలున్నాయి,
కాస్త ఎక్కువైతే చాలు, ఆపు ఆపు అని అరుస్తాయి.
వాటి గొంతు తగ్గాలి.
అందుకు ఎన్ని చేతులు కదలాలో.
మూడు వారాలు అందుకేనని అనుకుంటున్నారు.
ఖాయంగా ఎవరికీ తెలియదు.

దాలమ్మ కవరు తిప్పితిప్పి చూసింది.
"పత్తి ఏకేది వాలుగ దవడతోటి.
ఆ పళ్లు నేకపోతే మా నూలుకి అంత సన్నం రాదు.
కట్టుకున్నోలకి గుడ్డ కనబడతాది.
సేప ఎవులికి కనబడతాది?"

లైన్లో ఎవరో దగ్గారు.

"ఆ మోసేటిది... నా కాడ సచ్చిపోనాదేటి?"

లేదు అనబోయాను.
తెలీదు అన్నాను.
"తెల్దన్నావు. మంచిదే,"
అని కవరు నాలుగు మడతలు పెట్టి
రొంటిన దోపుకుంది.

పదహారో రోజుకి మాత్రలు స్టాకు లేవు.
పెట్టిన ఇండెంటు ఎక్కడో ఒక బల్ల మీద నిద్రపోతోంది.
డ్యూటీ అయ్యాక చిలకపాలెం మీదుగా శ్రీకాకుళం వెళ్లి
రెండు అట్టలు కొని, చీకటి పడేవేళకి
వాళ్ల వీధిలో దిగాను.

రాట్నం గోడవార ఉంది, చక్రం మీద దుమ్ము సగమే ఉంది.
అరటిదొప్పలో ఏకులు, ఏకుల పక్కన నా కవరు.
అట్టలు గుమ్మంలోనే అందుకుంది.
నవ్వలేదు. కూచోమనలేదు.

"నిన్న పోగు తెగినాది," అంది.

నేను చెప్పులు విడవకుండా నిలబడ్డాను.

"అతికినాను."

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది.
పై కడ్డీ పట్టుకుని
నిలబడే వచ్చాను.